రిపేరున్న పాత ట్రాక్టర్ కొనే ముందు

మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే ముందే తిప్పి ఉంచారన్నమాట, చల్లారేదాకా ఆగండి. చల్లటి ఇంజన్ స్టార్టయ్యే తీరులోనే అసలు రోగం బయటపడుతుంది. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ చూసే కడ్డీ) తీయండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అందులో నీళ్లు కలిసినట్టే. అలాంటిది ఎంత తక్కువకిచ్చినా నేనైతే తీసుకోను.

వెనకాల నాగలి లాంటివి ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్‌తో బరువు ఎత్తించి ఇంజన్ ఆపండి. గబుక్కున కిందికి జారకూడదు.

స్పేర్ పార్టులు దొరుకుతున్నాయో లేదో బేరానికి ముందే కనుక్కోండి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు కాగితాలతో సరిపోవాలి, బండి మీద అప్పు ఉండకూడదు.

రిపేరు ఖర్చు మెకానిక్‌తో రాయించుకుని ధరకు కలపండి. విప్పాక బయటపడేవాటికి ఇంకొంత వేసుకోండి.