కొత్త ఏడాదికి ఇంటిల్లిపాదీ కలిసి పర్యావరణ తీర్మానాలు చేసుకోవడం ఎలా?

"ఈ ఏడాది ప్లాస్టిక్ వాడం", "నీళ్లు వృథా చేయం" లాంటి మాటలు డిసెంబరు 31 రాత్రి వినడానికి బాగానే ఉంటాయి. ఫిబ్రవరి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండవు. ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో వాటిలో ఉండదు మరి. ఇంకో చిక్కు కూడా ఉంది. అందరూ ఊ కొడతారు, పని మాత్రం ఒక్కరి నెత్తిన పడుతుంది. చాలా ఇళ్లలో ఆ ఒక్కరూ అమ్మే. ఈ రెండు చిక్కులూ రాకుండా ఇలా మొదలుపెట్టండి.

1. ముందు ఒక వారం గమనించండి

ఏం మార్చుకోవాలో ఇల్లే చెబుతుంది. డిసెంబరు చివరి వారంలో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. తినకుండా పారేసిన ఆహారం, ప్యాకింగ్ కవర్లు, సీసాలు, ఏదైనా సరే ఎవరు పారేస్తే వాళ్లే అందులో రాయాలి. వారం తిరిగేసరికి ఏది ఎక్కువో మీకే తెలుస్తుంది.

మీటర్లు చూసే పని పిల్లలకు అప్పజెప్పండి. (తమ ఇంటి మీటరు ఎక్కడుందో తెలియని పెద్దవాళ్లు కూడా బోలెడు మంది.) పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేవగానే ఇంకోసారి రీడింగ్ రాసుకోమనండి. రాత్రంతా ఎవరూ నీళ్లు వాడకపోయినా నీటి మీటరు కదిలిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి రోజుకు 20 లీటర్లకు పైగా పోగొడుతుంది. అలాంటిది దొరికితే దానికి తీర్మానం ఎందుకు, ఆ రోజే బాగు చేయించండి.

2. ఒక అరగంట కూర్చోండి

ముందు చిన్నవాళ్లను మాట్లాడనివ్వండి. పెద్దవాళ్లు మొదలుపెడితే పిల్లలు తలూపి ఊరుకుంటారు. ఒకే ఒక షరతు పెట్టుకోండి: ఎవరైనా సరే తాము చేయబోయేదే చెప్పాలి, పక్కవాళ్లు మానాల్సింది చెప్పకూడదు. ఈ షరతు లేకపోతే "నువ్వు లైట్లు ఆపవు", "మీరు గంటసేపు స్నానం చేస్తారు" అంటూ పది నిమిషాల్లో పోట్లాటలోకి దిగిపోతారు.

3. ఫలితం ఎక్కువ ఉన్నవి ఎంచుకోండి

అన్ని పనులకూ ఒకే ఫలితం ఉండదు. వాడని ఫోన్ ఛార్జర్‌ను ప్లగ్ నుంచి తీసేయడం మంచి అలవాటే గానీ, దాంతో ఆదా అయ్యే కరెంటు చాలా తక్కువ. నీళ్లు కాచడం, గది చల్లబరచడం లేదా వేడి చేయడం, వాహనం నడపడం, ఆహారం పారేయడం, వీటిలో ఎంత చిన్న మార్పు చేసినా లెక్కలో కనిపిస్తుంది. వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లతో ఉతికితే ఖర్చయ్యే కరెంటులో చాలా భాగం నీళ్లు కాగడానికే పోతుంది. మరీ మురికి బట్టలు తప్ప మిగతావి చన్నీళ్లతో ఉతకొచ్చు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురును ఎల్‌ఈడీ 9 వాట్లతోనే ఇస్తుంది. ఎక్కువసేపు వెలిగే గదిలో ముందు మార్చండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఆహారంతో మొదలుపెట్టమంటాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. చెత్తకుప్పల అడుగున గాలి తగలకుండా కుళ్లే ఆహారం నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా బలమైనది.

4. మూడింటికి మించకుండా, పేరు పెట్టి రాయండి

"ఆహారం వృథా చేయం" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. "శుక్రవారం సాయంత్రం నాన్న ఫ్రిజ్ చూసి, త్వరగా పాడయ్యేవి ముందు వరసలో పెడతారు. శనివారం వాటితోనే వంట" అని రాయండి. "కరెంటు పొదుపు చేస్తాం" అనే బదులు "పడుకునే ముందు అక్క టీవీ, కంప్యూటర్ స్విచ్‌లు ఆపుతుంది" అనండి. రాసిన ప్రతి పనికీ ఒక పేరు, ఒక సమయం ఉండాలి. చివర్లో కాగితం మొత్తం ఒకసారి చూసుకోండి. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందా? అయితే రెండో పని ఇంకొకరికి ఇవ్వండి. వంట చేసేవాళ్ల మీదే అన్నీ మోపితే ఆ తీర్మానాలు నెల కూడా నిలవవు.

5. వస్తువులు కొనడంతో మొదలుపెట్టకండి

పర్యావరణం పేరు చెప్పి కొత్త సంచులు, కొత్త సీసాలు, కొత్త డబ్బాలు కొనేయడం చాలామంది చేసే పని. ఇంగ్లండ్‌లోని పర్యావరణ ఏజెన్సీ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వాతావరణం మీద ప్రభావం వరకే చూసినా, ఒకసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. ఇంట్లో ఉన్న సంచినే, ప్లాస్టిక్‌దైనా సరే, చిరిగేదాకా వాడండి. ఫోన్ల విషయమూ అంతే. వాటివల్ల కలిగే కాలుష్యంలో ఎక్కువ భాగం తయారీలోనే ఉంటుంది కాబట్టి, పాత ఫోన్‌ను ఇంకో ఏడాది నడిపించడం కూడా మంచి తీర్మానమే.

6. ఫిబ్రవరి గండం దాటండి

21 రోజుల్లో అలవాటు పడుతుందనే మాట నమ్మకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని గమనిస్తే అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, అలవాటును బట్టి ఇది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా ఏమీ రాలేదని కూడా వాళ్లు గమనించారు. కాబట్టి ఎవరైనా ఒకరోజు మర్చిపోతే దాన్ని రచ్చ చేయకండి. జరిమానాల జోలికి అసలు పోవద్దు, పిల్లలు దాచిపెట్టడం నేర్చుకుంటారు.

నెలకోసారి కాగితం, బిల్లులు ముందు పెట్టుకుని చూడండి. కరెంటు వాడకాన్ని పోయిన నెలతో పోలిస్తే వాతావరణం వల్ల లెక్క తప్పుతుంది, పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి. ఎంత ప్రయత్నించినా కుదరని పని ఉంటే టెన్షన్ పడకుండా తీసేయండి. ఎవరూ గుర్తు చేయకుండానే జరిగిపోతున్న పనిని కూడా కొట్టేసి, ఆ ఖాళీలో కొత్తది రాసుకోండి.