పరిధి, పరిమితి, హద్దు: ఏది ఎక్కడ రాయాలి?

బీచ్ రోడ్డు మీద ఎవరైనా ‘వేగ పరిధి 40’ అని బోర్డు రాస్తే అర్థం కాకపోదు, కానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ఉండాల్సింది ‘పరిమితి’. ఇలాంటి తారుమారు జరగకుండా ఉండాలంటే, రాసే ముందు వాక్యాన్ని రెండు మూడు ప్రశ్నలు అడగండి.

మొదట ‘ఎంత?’ అని అడగండి. జవాబు అంకె అయితే పరిమితి. ‘మితి’ అంటే కొలత. మితిమీరడం, మితంగా తినడం అక్కడివే. వేగం, వయసు, బరువు, ఖర్చు అన్నిటికీ ఇదే మాట. కాలానికి మాత్రం ‘గడువు’ రాయండి. ‘కాలపరిమితి’ ఆఫీసు కాగితాలకు సరిపోతుంది.

అంకె రాకపోతే ‘ఎవరి కింద?’ అని అడగండి. దానికి జవాబు దొరికితే పరిధి. బడిలో వృత్త పరిధి అంటే చుట్టూ ఉన్న గీతే. వాడుకలో ఆ మాట గీత మీద నిలవక లోపలికి జారి, గీత చుట్టిన చోటంతా తనదే అంటుంది. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు గాజువాక ‘నగర పరిధిలోకి’ వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, మారింది అజమాయిషీ. పోలీస్ స్టేషన్‌కూ కోర్టుకూ పరిధి ఉండేది ఇందుకే. ఫైలు వదిలించుకోవాలనుకున్న గుమస్తా కూడా ‘అది నా పరిధిలో లేదు’ అంటాడే గాని ‘నా పరిమితిలో లేదు’ అనడు!

ఇక వేలు పెట్టి చూపించగల గీత అయితే హద్దు. అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరిన మాట ఇది. స్థలం దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాస్తారు. జిల్లాల మధ్య ఉండేది సరిహద్దు: 2022లో అనకాపల్లి వేరే జిల్లా కావడంతో విశాఖకు అటువైపు కొత్త సరిహద్దు ఏర్పడింది. ఊరి చివరకు పొలిమేర ఉంది.

ఇంకా అనుమానముంటే పక్కనున్న క్రియను చూడండి. పరిమితి విధిస్తారు, పరిధిలోకి తెస్తారు, హద్దు రాయి పాతుతారు. నోరు జారినవాడు మీరేది కూడా హద్దునే.

సముద్రానికి ఈ మూడూ అక్కర్లేదు. అలలు దాటి రాని గట్టును తెలుగులో చెలియలికట్ట అంటారు. ఆర్కే బీచ్‌లో నిలబడి దాన్ని హద్దు అన్నా తప్పేమీ లేదు, నాకే మనసొప్పదు.