మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లతో మాట్లాడటం ఎలా?

ఇంటికొచ్చిన చుట్టాలు ముందుగా చేసే పని పరీక్ష పెట్టడం. "నేనెవరో చెప్పు పిన్నీ, గుర్తుపట్టావా?" చెప్పలేక ఆవిడ ముఖం చిన్నబోతుంది, ఆ పూట అన్నం కూడా సయించదు. ఈ మతిమరుపు జబ్బులో, అంటే డిమెన్షియాలో, తరచూ ముందు జారిపోయేవి పేర్లే. కాబట్టి గుమ్మంలోనే మీరే చెప్పేయండి: "పిన్నీ, నేను మీ అక్క కూతుర్ని, విజయవాడ నుంచి వచ్చా."

1. టీవీ కట్టేయండి. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉన్నాయో లేదో చూసుకుని, ఎదురుగా కూర్చోండి. వంటింట్లోంచి కేకేస్తే లాభం లేదు.

2. వాక్యం విరగ్గొట్టండి. "లేచి, కాళ్లు కడుక్కుని, మాత్ర వేసుకుని, భోజనానికి రా" అని ఒక్క గుక్కలో అనేస్తాం. అందులో నాలుగు పనులున్నాయి, అసలు క్రియ చివర్లో వస్తుంది. అక్కడికి చేరేసరికి మొదటిది ఎగిరిపోతుంది. "అమ్మా, లే." లేచాక, "పద, కాళ్లు కడుక్కుందాం." అలాగే "ఏం తింటావు?" అనే బదులు గిన్నె చూపించి "ఉప్మా పెట్టనా?"

3. అడిగాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఈలోగా అదే ప్రశ్న వేరే మాటల్లో అడిగితే ఆ వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

4. మాట దొరక్క చుట్టూ తిరుగుతుంటే మీరూ వెంట తిరగండి. మా అమ్మమ్మ ఒక పొద్దున "ఆ పొంగేది... పొంగేదే..." అంటూ చెయ్యి పైకెత్తి చూపించింది. మాకు అర్థమయ్యేసరికి పాలు పొయ్యి మీద పొంగిపోయాయి కూడా. "పాలు అనాలి" అని దిద్దక్కర్లేదు. "పాలా అమ్మమ్మా? చూసొస్తా" అంటే మాటా అందుతుంది, పరువూ దక్కుతుంది.

5. "మా అమ్మ వచ్చిందా?" అని 84 ఏళ్ల మనిషి అడుగుతుంది. "ఆవిడ పోయి 30 ఏళ్లయింది" అన్నారో, ఆ చావు కబురు ఆమెకు అప్పుడే కొత్తగా అందుతుంది. అడిగిన ప్రతిసారీ. మేమూ ఆ తప్పు చేశాం. ఇప్పుడు "మీ అమ్మ గోంగూర ఎలా నూరేది?" అంటాం. పావుగంట కబుర్లు నడుస్తాయి, ఉప్పెక్కువ వేసేదన్న ఫిర్యాదుతో సహా. ఇది అబద్ధమాడటం కాదా అని మా మామయ్యకి ఇంకా అనుమానమే. నాకు లేదు.

6. మాటలు తగ్గాక శతక పద్యం అందుకోండి, రెండో ఎక్కం మొదలుపెట్టండి. చిన్నప్పుడు బట్టీపట్టినవి చాలాకాలం నిలుస్తాయి. మొదటి భాషా అంతే. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా బయటపడిందని తేలింది. బయటపడ్డాక మాత్రం, తర్వాత నేర్చిన భాష ముందు జారడం చాలామందిలో చూస్తాం. అమెరికాలో కొడుకు దగ్గరుండే తల్లి ఇంగ్లిష్‌లో జవాబివ్వడం మానేస్తే మొండితనం అనుకోకండి. నీళ్లు, నొప్పి, ఆకలి, బాత్‌రూమ్ లాంటి ఆవిడ వాడే మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో, పక్కన అర్థంతో రాసి నర్సుకివ్వండి.

7. ఒకటి రెండు రోజుల్లోనే మాట తికమకైతే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఏదైనా కావచ్చు. డాక్టరుకు చూపించండి. మూతి వంకరపోయి మాట ముద్దగా వస్తే అప్పటికప్పుడే 108కి ఫోన్ చేయండి.