ఎనిమిది నిమిషాల దూరంలో ఒక కామెడీ ఎపిసోడ్

అంతరిక్షంలో జరిగే కామెడీ సిరీస్‌కి ఎపిసోడ్ రాసేటప్పుడు ముందు గ్రహాంతరవాసిని పక్కన పెట్టండి. రబ్బరు ముఖం రెండో సీన్‌కే పాతబడిపోతుంది. అసలు సరుకు కాంతివేగంలో ఉంది. భూమికీ అంగారకుడికీ మధ్య రేడియో సంకేతం ఒకవైపు వెళ్లడానికి, అప్పటి దూరాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. మీ నౌకను 8 నిమిషాల దూరంలో, అంటే సుమారు 14.4 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంచండి. అడిగిన మాటకు జవాబు 16 నిమిషాలకు వస్తుంది. 22 నిమిషాల ఎపిసోడ్‌కి ఇది భలే కుదిరే కొలత. కథ మాత్రం ఎక్కడా కాలం దూకకుండా నడవాలి.

మనుషులు నలుగురు చాలు: కెప్టెన్, ఇంజనీరు, డాక్టరు, కొత్తగా వచ్చిన కుర్రాడు. సెట్లు మూడు: కంట్రోల్ గది, భోజనాల గది, ఒక నడవా. లైట్లు మార్చి ఆ నడవానే నాలుగు నడవాలుగా వాడుకోవచ్చు.

గొడవకు మూలం చిన్నదిగా ఉండాలి. 1965లో అమెరికా అంతరిక్ష నౌక జెమిని 3లో వ్యోమగామి జాన్ యంగ్ దొంగచాటుగా తెచ్చిన శాండ్‌విచ్‌ని తోటి వ్యోమగామి గస్ గ్రిసమ్ ఒక్కసారి కొరికి, పొడి రాలుతోందని జేబులో పెట్టేసుకున్నాడు. మన డాక్టరు కూడా అలాగే రొట్టె తెచ్చుకుని తిన్నాడనుకుందాం. పొడి గాలి ఫిల్టర్‌లో చేరి అలారం మోగింది. పరువు కోసం కెప్టెన్ "ఉల్క తగిలింది" అని భూమికి చెప్పేశాడు.

ఇక్కడ కలం ఆపి, ముందు కాగితం మీద మూడు గడులు గీయండి: పంపిన నిమిషం, చేరే నిమిషం, జవాబు వచ్చే నిమిషం.

అబద్ధం: 2, 10, 18.
నిజం: 5, 13, 21.

ఐదో నిమిషంలోనే నిజం ఎందుకు చెప్పాలి? రూల్ పుస్తకం తిరగేసిన ఇంజనీరు, ఉల్క తగిలిందన్న కబురు అందగానే నౌకలోని తలుపులన్నీ మూసేయమని భూమి కంప్యూటర్ తనంతట తాను ఆదేశం పంపుతుందని కనిపెడతాడు కాబట్టి. అది 18కి వస్తుంది, రద్దు 21కి వస్తుంది. అంటే మూడు నిమిషాలు ఎవరున్న గదిలో వాళ్లు బందీలు. ఈ లెక్కను ఏడో నిమిషంలోపు ప్రేక్షకుడికి ఒకే ఒక్క డైలాగులో అర్థం చేయించాలి. రెండు డైలాగులు పట్టిందంటే గీసిన గడుల్లో ఎక్కడో చిక్కుంది. ఒకసారి అర్థమయ్యాక మిగతాదంతా కుర్చీలాటే: ఎవరికి ఎవరితో ఇరుక్కోవడం ఇష్టం లేదు, టాయిలెట్ ఉన్న గది ఎవరికి దక్కాలి.

ఏడో నిమిషంలో భూమి నుంచి ఒక సందేశం దించండి: "మీరు దాచిన సంగతి మాకు తెలుసు!" ఎపిసోడ్ మొదలవడానికి నిమిషం ముందు బయల్దేరిన కబురది. అందులోని సంగతి కుర్రాడి పుట్టినరోజు. కానీ సిగ్నల్ అక్కడే తెగిపోవడంతో నలుగురూ తమ తమ రహస్యాలు కక్కేస్తారు. ఎక్కువ పేజీలు ఇక్కడే ఖర్చు పెట్టండి. మంచి సీన్ ఇదే.

స్క్రిప్టులు ఎక్కువగా చెడేది ఫోన్ సంభాషణ దగ్గర. "హలో, వినిపిస్తోందా?" అని పాత్ర అడిగి జవాబు కోసం ఆగిందంటే ఆలస్యం నియమం అక్కడే చచ్చింది. వచ్చేవన్నీ ఏకపాత్రాభినయాలే కాబట్టి భూమి అధికారి పాత్రధారిని కెమెరా ముందు ఒంటరిగా కూర్చోబెట్టి ఒకే విడతలో షూట్ చేసుకోవచ్చు. ఖర్చు కూడా తగ్గుతుంది.

భార రాహిత్యం జోలికి పోవద్దు. తాళ్లకు నటుల్ని వేలాడదీస్తే డైలాగు టైమింగ్ పోతుంది. నౌక గుండ్రంగా తిరుగుతోందని, బరువు దానివల్లే ఉందని తేల్చేయండి. రొట్టె తిన్నది మధ్యలోని ఇరుసు దగ్గర, అక్కడ బరువుండదు. తినడం చూపక్కర్లేదు, ఫిల్టర్ జాలీకి అంటుకున్న పొడి చూపితే సరి.

స్క్రిప్టు 28 నుంచి 32 పేజీలు రావచ్చు. కామెడీ డైలాగు వేగంగా నడుస్తుంది కాబట్టి పేజీకి నిమిషం లెక్క కచ్చితంగా కుదరదు. అందుకే గడియారం నటుల వెనక గోడ మీద కనబడకూడదు. ఎడిటింగులో నలభై సెకన్లు కోస్తే ముళ్లు అబద్ధం చెబుతాయి. గడియారాన్ని విడిగా, దగ్గరగా, నిమిషానికొక షాట్ చొప్పున తీసి పెట్టుకుని, కోతలయ్యాక అతికించండి.