పడవకు కరెంటు మోటారు – ఐదవ పాఠం: బ్యాటరీ ఎంపిక

గత పాఠంలో పడవ మొత్తం బరువును బట్టి ట్రోలింగ్ మోటారుకు ఎన్ని పౌండ్ల తోపుడు బలం కావాలో లెక్క కట్టాము. ప్రతి 45 కిలోల బరువుకు 2 పౌండ్లు అన్న సూత్రం ప్రకారం, ఇద్దరు మనుషులు, వలలు, మంచుపెట్టె, బ్యాటరీ అన్నీ కలిపి 550 కిలోలు తూగే ఫైబర్ పడవకు దాదాపు 25 పౌండ్లు చాలునని తేలింది. అది నిలకడ నీటి లెక్క కనుక, గాలినీ ప్రవాహాన్నీ దృష్టిలో పెట్టుకొని 55 పౌండ్ల మోటారును ఎంచుకున్నాము. ఈ పాఠంలోనూ అదే పడవ, అదే మోటారు. వాటికి ఏ రకం బ్యాటరీ, ఎంత బ్యాటరీ కావాలన్నదే నేటి విషయం.

బరంపురంలో ఏ బ్యాటరీ దుకాణానికి వెళ్లినా ఎన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని ఆంపియర్లను ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) కావాలనీ, ఎంతలో కావాలనీ అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు దుకాణం మెట్లెక్కక ముందే మన దగ్గర ఉండాలి, ఆ జవాబు తిరుగు ప్రయాణం నుంచి పుట్టాలి. మన పడవ బయలుదేరే రంభ, ఒడిశాలోని చిలికా సరస్సుకు దక్షిణపు కొసన ఉంది. వేసవిలో పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి దక్షిణపు గాలి బలపడుతుంది. తెల్లవారుజామున ఈశాన్యంగా సాగిన పడవ నిశ్చలమైన నీటి మీద తేలికగా వెళ్తుంది. అదే పడవ తిరిగి వచ్చేటప్పుడు తడిసిన వలల బరువుతో, ఎదురు గాలిలో, అప్పటికే కొంత ఖర్చయిన బ్యాటరీతో ఒడ్డు చేరవలసి ఉంటుంది. పోయేటప్పటి సుఖాన్ని చూసి బ్యాటరీ కొన్నవారు వచ్చేటప్పుడు తెడ్డు పడతారు. చిలికాలో చాలా చోట్ల గెడకు నేల అందుతుంది కాబట్టి ప్రాణాపాయం లేదని కొందరు తేలికగా అంటారు గాని, సరస్సులో దక్షిణ భాగం మిగతా భాగాలకంటే లోతైనదని మరువరాదు.

మొదట మోటారు ఎంత కరెంటు తాగుతుందో తెలుసుకోవాలి. 12 వోల్టుల మీద నడిచే 55 పౌండ్ల మోటారు నిండు వేగంలో సుమారు 50 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 600 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి మన మోటారు ఒక హార్స్‌పవర్‌కు కూడా తక్కువే. 30 పౌండ్లది దాదాపు 30 ఆంపియర్లు తీసుకుంటుంది. 80 పౌండ్లదానికి 24 వోల్టులు, అంటే రెండు బ్యాటరీల వరుస, తప్పనిసరి. మీ మోటారుతో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ కరెంటు ఎంతో రాసి ఉంటుంది; ఆ అంకెను పడవ లోపలి గోడ మీద పెయింటుతో రాసుకోవడం మంచి అలవాటు.

అయితే ఎవరూ రోజంతా నిండు వేగంలో నడపరు, నడపకూడదు కూడా. నీటిలో పడవ వేగాన్ని రెట్టింపు చేయాలంటే కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అందుచేత వేగాన్ని నాలుగో వంతు తగ్గించినా కరెంటు సగానికి పైగా ఆదా అవుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. అయిదు మెట్ల వేగంతో వచ్చే చవక మోటార్లలో తక్కువ మెట్ల దగ్గర కొంత విద్యుత్తు నిరోధపు తీగచుట్టలో వేడిగా వృథా అవుతుంది కాబట్టి, మెట్లు లేకుండా వేగాన్ని కొద్దికొద్దిగా మార్చే రకంలో కలిగినంత ఆదా వాటిలో కలగదు. ప్రొపెల్లరుకు నాచు చుట్టుకున్నప్పుడు ఏ మోటారైనా అదే వేగానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ప్రొపెల్లరును తరచుగా శుభ్రం చేయడం కూడా బ్యాటరీని కాపాడే పనే.

ఇక బ్యాటరీ రకం. ట్రాక్టరు, లారీ, జీపుల్లో ఉండే బ్యాటరీ ఇంజనును తిప్పి లేపడానికి కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చేందుకు తయారైనది. దాని సీసపు పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. దానిని గంటల తరబడి ఖాళీ చేస్తే పలకల మీది పదార్థం రాలిపోయి కొద్ది నెలల్లోనే చచ్చుబడుతుంది. ఇంట్లో పాత ట్రాక్టరు బ్యాటరీ ఉంది కదా అని దానితో మొదలుపెట్టేవారికి నా సలహా ఒక్కటే: మోటారు తిరుగుతోందో లేదో చూడడానికి వాడండి, వేటకు వద్దు. మనకు కావలసింది నెమ్మదిగా, లోతుగా ఖాళీ అయి మళ్లీ నిండడానికి తయారైన, మందపాటి పలకల డీప్ సైకిల్ బ్యాటరీ. ఆ పేరుతో ప్రత్యేకంగా పడవల బ్యాటరీ మన ఊళ్లలో దొరకడం కష్టమైనా, అదే స్వభావం గలవి రెండు రకాలు ఏ బజారులోనైనా ఉంటాయి: ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ, ఈ-రిక్షా బ్యాటరీ. ఈ రెండింటిలో పడవకు నేను ఈ-రిక్షా రకాన్నే ఇష్టపడతాను. ఇన్వర్టర్ బ్యాటరీ పొడవుగా, 50 కిలోలు దాటిన బరువుతో ఉండి ఇంటి మూలలో కదలకుండా కూర్చోవడానికి తయారైనది. పడవ ఊగినప్పుడు ఒరిగి యాసిడ్ చిందే ప్రమాదం ఉంది. డబ్బుకు వెసులుబాటు ఉంటే, ద్రవం చిందని ఏజీఎం రకం ఈ రెండింటికంటే మేలు.

సీసపు బ్యాటరీ మీద 100 ఏహెచ్ అని రాసి ఉంటే, సాధారణంగా దాని అర్థం 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని. పక్కనే సీ20 అన్న గుర్తు ఉంటుంది. కనుక 25 ఆంపియర్లు లాగితే 4 గంటలు వస్తుందని భాగహారం చేయడం తప్పు. వేగంగా ఖాళీ చేసినకొద్దీ సీసపు బ్యాటరీ మొత్తంగా ఇచ్చేది తగ్గిపోతుంది. ఈ కోతను లెక్కించే సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త ప్యూకెర్ట్ 1897లో ఇచ్చాడు. ఆ సూత్రం ప్రకారం మంచి స్థితిలో ఉన్న 100 ఏహెచ్ బ్యాటరీ 25 ఆంపియర్ల దగ్గర 3 గంటలకు అటూఇటూగా ఖాళీ అవుతుంది. అదే 25 ఆంపియర్లను 200 ఏహెచ్ బ్యాటరీ నుంచి లాగితే కోత బాగా తగ్గుతుంది. పెద్ద బ్యాటరీ కొనడంలో ఉన్న అసలు లాభం ఇదే గాని, చాలామంది దీనిని గమనించరు.

దీనికి తోడు మరొక నియమం. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకపోతే అది కొన్ని వందల సార్లు నింపుకోవడానికి పనికివస్తుంది. రోజూ అడుగంటా వాడితే ఆ ఆయుష్షు బాగా పడిపోతుంది. ఖాళీగా వదిలేసిన బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది కాబట్టి ఒడ్డుకు రాగానే చార్జింగు పెట్టాలి, మరునాటికి వాయిదా వేయకూడదు. ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి చవకైన మల్టీమీటరు చాలు. మోటారు ఆపి, బ్యాటరీకి కొన్ని గంటల విశ్రాంతి ఇచ్చి కొలిచినప్పుడు 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగం మిగిలినట్టు. మోటారు నడుస్తుండగా చూసిన అంకెను నమ్మకండి. భారం మీద వోల్టేజి ఎప్పుడూ తక్కువే కనబడుతుంది.

ఇప్పుడు మన పడవకు లెక్క కడదాం. పోయేటప్పుడు గంటసేపు మధ్యస్థ వేగంలో 20 ఆంపియర్లు: 20 ఏహెచ్. వలల దగ్గర రెండు గంటలపాటు పడవను గాలికి నిలబెట్టడానికి ఆగి ఆగి నడపడంలో సగటున 8 ఆంపియర్లు: 16 ఏహెచ్. తిరుగుదారిలో గంటసేపు ఎదురు గాలికి 40 ఆంపియర్లు: 40 ఏహెచ్. మొత్తం 76. గాలి అనుకున్నదానికంటే బలంగా వీచినా, దారిలో వేరొకరి పడవను లాగవలసి వచ్చినా ఉపయోగపడేలా నాలుగో వంతు అదనంగా కలిపితే 95. సీసపు బ్యాటరీలో సగమే మనది కాబట్టి 190 ఏహెచ్ కావాలి. బజారులో దొరికే కొలతల్లో చూస్తే 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు రెండు, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపినవి. రెండూ ఒకే తయారీవి, ఒకే రోజు కొన్నవి కావాలి; పాతదానికి కొత్తది జత చేస్తే పాతది కొత్తదానినీ తనతో పాటు దింపేస్తుంది. ఒక్కొక్కటి దాదాపు 30 కిలోలు తూగుతుంది కనుక, 550 కిలోల్లో 60 కిలోలు బ్యాటరీలకే పోయాయని గుర్తుంచుకొని, వాటిని పడవ మధ్యలో అడుగున, పట్టీలతో బిగించి ఉంచాలి.

ఇదే 95ను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నుంచి తీసుకుంటే కథ మారుతుంది. దానిలో నూటికి 80 వంతులు భయం లేకుండా వాడుకోవచ్చు, వేగంగా లాగినా కోత దాదాపు ఉండదు. కనుక 120 ఏహెచ్ సరిపోతుంది, బరువు 15 కిలోల లోపే. రెండు వేల సార్లకు పైగా నింపుకోవచ్చని తయారీదారులు చెబుతారు. కొనేటప్పుడు ఏహెచ్ ఒక్కటే చూడకూడదు. లోపల ఉండే బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూటు ఆగకుండా ఎన్ని ఆంపియర్లను అనుమతిస్తుందో అడగండి. 50 ఆంపియర్ల మోటారుకు 50 ఆంపియర్ల బీఎంఎస్ చాలదు, 100 ఉండాలి. అసలు జాగ్రత్త మరొకటి ఉంది. సీసపు బ్యాటరీ అయిపోయే ముందు మోటారు మెల్లగా నీరసించి హెచ్చరిస్తుంది. లిథియం చివరి వరకు ఒకే బలంతో నడిపించి, బీఎంఎస్ తెంచేయగానే ఠక్కున ఆగిపోతుంది. దాని వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి మల్టీమీటరు కూడా సరైన కబురు చెప్పదు. లిథియం కొన్నవారు ఖర్చయిన ఏహెచ్‌ను లెక్కపెట్టి చూపించే షంటు మీటరును కూడా కొనాలి. చార్జరు దానికోసమే చేసినది, 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగేది కావాలి. పాత స్కూటరు సెల్లులు విప్పి ఎవరో అతికించి ఇచ్చే పెట్టె ఎంత చవకైనా తీసుకోవద్దు.

చిలికా నీరు ఉప్పన. తెరిచిన సీసపు బ్యాటరీలోకి ఉప్పునీరు చేరితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. చార్జింగు సమయంలో హైడ్రోజన్ వస్తుంది. అందుకని మూత ఉండి, గాలి ఆడే ప్లాస్టిక్ పెట్టెలో బ్యాటరీని అడుగు నీటికి అందనంత ఎత్తున పెట్టాలి. చార్జింగు పెట్టిన గదిలో బీడీ కాల్చరాదు. టెర్మినళ్లకు గ్రీజు పూయాలి. మోటారుకూ బ్యాటరీకీ మధ్య 5 మీటర్ల దూరం ఉంటే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి. ఇంటి వైరింగుకు మిగిలిన 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 50 ఆంపియర్ల దగ్గర రానూపోనూ ఒకటిన్నర వోల్టు తీగలోనే పోతుంది, తీగ కాలుతుంది. బ్యాటరీ దగ్గరే 60 ఆంపియర్ల బ్రేకరు పెట్టడం తప్పనిసరి.

ఛత్రపురం దగ్గర తంపర సరస్సులో, ఒడ్డుకు దగ్గరగా గాలాలు వేసుకునేవారికి ఇంత అక్కర లేదు. 30 పౌండ్ల మోటారు, 100 ఏహెచ్ సీసపు బ్యాటరీ ఒక్కటి సరిపోతాయి. గోపాలపూర్ తీరంలో కెరటాలు దాటి సముద్రంలోకి వెళ్లే పడవలకు మాత్రం ఏ బ్యాటరీ పెట్టినా ఈ మోటార్లు పనికిరావు. అది వేరే శక్తి గల ఇంజన్ల పని.

అభ్యాసం: మీ పడవ పోయే దారిని మూడు భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగంలో గంటలు, ఆంపియర్లు రాసుకొని, పైన చూపిన పద్ధతిలో సీసానికీ లిథియానికీ వేరువేరుగా ఏహెచ్ కట్టండి. ఆంపియర్లు ఊహించి రాయకండి. తెలిసినవారి దగ్గర డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు అడిగి తెచ్చుకొని, ఒకసారి వాలు గాలిలో, ఒకసారి ఎదురు గాలిలో కొలవండి. ఆ రెండు అంకెలూ ఆరవ పాఠంలో చార్జరును ఎంచుకునేటప్పుడు మళ్లీ కావలసి వస్తాయి.