చెవి మిషన్‌కి విడిభాగాలు కొనేముందు

- మిషన్ మోడల్, సీరియల్ నంబరు ముందు ఫొటో తీసి పెట్టుకోండి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, జూమ్ చేస్తేగానీ కనబడవు. చాలావాటికి బ్యాటరీ తలుపు లోపల ఉంటాయి.

- బ్యాటరీ సైజు నంబరుకి స్టిక్కర్ రంగే గుర్తు: 10కి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. మా నాన్నగారికి 312 అడిగితే షాపతను 13 ఇచ్చాడు. రెండింటి వెడల్పూ ఒకటే. మందం మాత్రం 3.6, 5.4 మిల్లీమీటర్లు. తలుపు పడదు, నొక్కితే విరుగుతుంది. వాచీ సెల్ అసలు వద్దు; ఇవి గాలి పీల్చుకుని పనిచేసే జింక్ ఎయిర్ సెల్స్. వాడేదాకా స్టిక్కర్ పీకకండి. పీకాక ఒకట్రెండు నిమిషాలాగి వెయ్యండి.

- తీగ చివరుండే చిన్న స్పీకరు, అదే రిసీవర్‌కి ఎరుపు గుర్తుంటే కుడిచెవిది, నీలమైతే ఎడమది. పొడవు, పవర్ రెండూ కలవాలి. పవర్ మారితే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) మళ్ళీ ప్రోగ్రామింగ్ చెయ్యాల్సిందే. దీన్ని మాత్రం నేనైతే ఆన్‌లైన్‌లో కొనను.

- చెవిలో దూర్చే రబ్బరు టోపీ (డోమ్) అదే సైజు, అదే రకం. చిల్లులున్నదాని బదులు మూసి ఉన్నది పెడితే మన గొంతు మనకే డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది.

- గులిమి ఫిల్టర్లు అన్నీ ఒకేలా ఉండవు. పాత ప్యాకెట్ పట్టుకెళ్ళండి.

- చార్జింగ్ రకమైతే ఆ మోడల్ చార్జరే.

- ఇంట్లో పసిపిల్లలుంటే సెల్స్ అందకుండా పెట్టండి. మింగితే ఆలోచించొద్దు, వెంటనే ఆస్పత్రికి.