రైతుబజారులో పేరు పెట్టి అడగండి

మా అత్తగారు తెల్ల వంకాయల్లో అల్లం, పచ్చిమిర్చి నూరి వేసి కూర చేసేవారు. ఆవిడ పోయాక ఓ రోజు ఆ కూర వండుదామని విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ రైతుబజారంతా తిరిగాను. ఎటు చూసినా నిగనిగలాడే ఊదారంగు కాయలే. భీమిలి వైపు నుంచి వచ్చే ఒకావిణ్ణి అడిగితే, "ఎవులు కొంతారమ్మా? ఇంటికాడ రెండు మొక్కలున్నాయి, మేవే తినేస్తాం" అంది. అంటే కాయ ఉంది. అడిగే నోరే లేదు. అప్పట్నుంచి నేను కూరలు కొనే తీరు మార్చుకున్నాను. ఆ తీరే రాస్తున్నాను, మీ ఊరి రైతుబజారుకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు, పొద్దున్నే వెళ్ళండి. పదింటికి వెళ్తే మిగిలేది రాశులు పోసిన దుకాణాలే. చిన్న రైతు రెండు గంపల సరుకు తెచ్చి, అమ్మేసుకుని, పొలం పనికి బస్సెక్కేస్తాడు. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు ఉద్దేశం ఒకటే: దళారీ లేకుండా పండించినవాళ్ళే అమ్ముకోవాలి. అందుకే వాళ్ళకి ఫొటో అంటించిన గుర్తింపు కార్డులిస్తారు. ధర కూడా టోకు ధరకీ బయటి చిల్లర ధరకీ మధ్యలో ఉండేట్టు పెట్టి బోర్డు మీద రాస్తారు. కార్డు చూడటం కంటే నాకు గోనెపట్టా చూడటం తేలిక. నాలుగు బీరకాయలు, దోసెడు పచ్చిమిర్చి, పది గోంగూర కట్టలు, ఓ గుమ్మడికాయ, ఇలా కలగాపులగంగా ఉంటే అది ఇంటి పొలం సరుకు. అచ్చు గుద్దినట్టున్న టమాటాలు రాశి పోసి ఉంటే "ఏ ఊరు పొలం?" అని అడగండి. రైతు అయితే ఊరి పేరుతో పాటు వాన సంగతి కూడా చెప్తాడు. ఉల్లి, బంగాళాదుంప అమ్మే మహిళా సంఘాలది వేరే లెక్క. అవి ఇక్కడ పెద్దగా పండవు కాబట్టి బయటినుంచి తెస్తారు, తప్పేం లేదు.

ఇప్పుడు అసలు పని. "వంకాయలున్నాయా?" అనకండి. "ముళ్ళ వంకాయలున్నాయా, తెల్లవి ఉన్నాయా?" అనండి. "బీరకాయ" కాదు, "నేతి బీరకాయ". లేవంటే వచ్చే వారం తెమ్మనండి. తెల్ల వంకాయల కోసం నేను మూడు వారాలు అడిగాను. నాలుగో వారం ఆ భీమిలి ఆవిడ రెండు కిలోలు తెచ్చింది. మా మెట్ల వరసలో నాలుగు ఇళ్ళకి పంచాను. ఆ తర్వాత రెండు మొక్కలు ఓ మడి అయ్యాయి. ఒక్క హెచ్చరిక: అడిగినవాళ్ళు కొనాలి. మా స్నేహితురాలు ఒకామె బుడమకాయలు తెమ్మని చెప్పి, ఆ వారం పెళ్ళికి వెళ్ళిపోయింది. తెచ్చినామె గంపతో పాటు తిరిగి వెళ్ళింది. మళ్ళీ ఆమెతో ఆ మాట ఎత్తడానికి నాకే మొహం చెల్లలేదు.

వంకర కాయల్ని పక్కకి నెట్టకండి. లారీలో దూరం వెళ్ళే కాయ ఒకే సైజులో ఉండాలి, తోలు మందంగా ఉండాలి, నాలుగు రోజులు వాడిపోకూడదు. ఆ పరీక్ష నెగ్గే రకాలు కొన్నే. తక్కినవి రుచి ఉండీ పొలం నుంచి వెళ్ళిపోతాయి. తెల్లారి కోసి పొద్దున్నే అమ్మే చోట ఆ పరీక్షతో పని లేదు. పుచ్చు ఉంటే చాకుతో తీసేయండి. ఈ దేశంలో వంకాయ రకాలు లెక్కకు మిక్కిలి. 2010లో కేంద్రం, పురుగుని తట్టుకునేట్టు జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయని నిలిపేసినప్పుడు ఈ రకాల గురించి పేపర్లనిండా రాశారు. బజారులో మాత్రం మనం రెండే రకాలు ఏరుకుంటున్నాం.

కాలాన్ని బట్టి అడగటం నేర్చుకోవాలి. ఉగాది దాటితే చింతచిగురు, పనసపొట్టు. వానలు పడగానే వాక్కాయలు, ఆగాకరకాయలు. చలికాలంలో పెండలం, కంద, చిక్కుళ్ళలో నాలుగైదు రకాలు. కొండ మీద నుంచి చోళ్ళు (రాగులు), సామలు, రాజ్మా, పసుపు దిగుతాయి. అరకు వెళ్ళి వలిసె అనే నూనెగింజ పంట పసుపుపచ్చటి పూల మధ్య ఫొటోలు దిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పూల మీద వాలే తేనెటీగల్ని చూసేవాళ్ళు తక్కువ, వలిసెలు కొనేవాళ్ళు మరీ తక్కువ. వలిసెలు వేయించి, ఎండుమిర్చితో పొడి కొట్టి చూడండి.

ఆకుకూరల దగ్గర ఎవరూ విత్తని వాటిని అడగండి: పొన్నగంటి, అటికమామిడి, చెంచలి. కలుపుమందు కొట్టిన మడిలో ఇవి బతకవు. అవి గంపలో ఉన్నాయంటే ఆ గట్టున ఇంకా చాలా బతికున్నట్టే. మీరే కోసుకుందామని మాత్రం రోడ్డు పక్క కాలవల్లోకి దిగకండి. పొన్నగంటి మురుగు నీళ్ళలోనూ ఏపుగా పెరుగుతుంది. పురుగుమందు సంగతి నేను సూటిగా అడగను, ఎవరైనా "కొట్టం" అనే అంటారు. "పురుగొస్తే ఏం చేస్తారు, ఏ పూట చేస్తారు?" అంటాను. బీర, ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి పుప్పొడి మోసే పురుగులే పెళ్ళిపెద్దలు. ఆ పూట మందు కొడితే పిందె ఎక్కడిది?

బోర్డు ధర కంటే తగ్గించమని రెండు గంపల మనిషిని పీడించకండి. చిల్లర తీసుకెళ్ళండి. సంచీ ఇంటి నుంచే పట్టుకెళ్ళాలని వేరే చెప్పాలా?

చివరగా విత్తనం. నచ్చిన దేశవాళీ కాయ దొరికితే, ఒక కాయ ముదరనిచ్చి ఇమ్మని ముందే చెప్పి, దానికి వేరే డబ్బివ్వండి. వంకాయ పసుపురంగుకి తిరిగాక కోసి, నీళ్ళలో పిసికితే గట్టి గింజలు అడుక్కి దిగుతాయి. వాటిని నీడలో ఆరబెట్టి బూడిద కలిపి సీసాలో వేయండి. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలలాడాలి. హైబ్రిడ్ కాయ గింజలతో ఈ శ్రమ వద్దు, మొలుస్తాయి గానీ తల్లి పోలిక రాదు. కుండీ ఉంటే నాలుగు గింజలు పెట్టుకోండి, తక్కినవి ఇంకో గంపావిడకి ఇవ్వండి. రైతులు పండించిన విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోనూ వచ్చు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ఆ వీలు ఇచ్చింది.

పోయిన నెల నేనిచ్చిన తెల్ల వంకాయ గింజలు ఆనందపురం వైపు నుంచి వచ్చే ఒకాయన పట్టుకెళ్ళాడు. "మొలిసినాయమ్మా, కోడి గీరీసింది, మళ్ళీ ఇస్తావా?" అని నిన్న అడిగాడు. సీసాలో ఇంకో రెండు చెంచాలున్నాయి.